చిరునామా అక్కర్లేని పత్రికలు

పిల్లలూ, బదిలీ ఆర్డరు రాగానే ఇంట్లో మొదలయ్యే హడావుడి మీకు కొత్త కాదు. టీసీ తీసుకోవాలి, గ్యాస్ కనెక్షన్ మార్పించుకోవాలి, బ్యాంకులో చిరునామా మార్చాలి, కిరాణా కొట్టు వెనక అట్టపెట్టెలు వెతకాలి. మా చిన్నప్పుడు ఈ పనుల్లో ఇంకొకటి కూడా ఉండేది: చందమామ వాళ్ళకు చిరునామా మారిందని కార్డు రాయడం. మా నాన్నగారిదీ మీ నాన్నగార్ల లాంటి ఉద్యోగమే. కార్డు చేరి అక్కడ పేరు దిద్దుకునేసరికి రెండు మూడు సంచికలు పాత క్వార్టర్‌కు వెళ్ళిపోయేవి. అక్కడ కొత్తగా దిగినవాళ్ళకు తెలుగు రాదు. ఆ పత్రికలు ఏమయ్యాయో దేవుడికెరుక. ఒక ధారావాహికలో గుహలో చిక్కుకున్న రాకుమారుణ్ణి వదిలి మేం రైలెక్కాం. కొత్త ఊళ్ళో చేతికొచ్చిన సంచికలో అతను దర్జాగా గుర్రం మీద పోతున్నాడు. గుహలోంచి ఎలా బయటపడ్డాడో మాకు ఇప్పటికీ తెలియదు.

ఈసారి పాఠం, పోస్టుమాన్ అక్కర్లేని పత్రికల గురించి. అంటే అంతర్జాలంలో వచ్చే తెలుగు సాహిత్య పత్రికలు. వార్తల సైట్ల సంగతి కాదు. కథలు, కవితలు, వ్యాసాలు, పుస్తక పరిచయాలు వేసే పత్రికలు. యజమాని, ప్రెస్సు, ప్రకటనలు లాంటివేమీ లేకుండా కొందరు తమ ఉద్యోగాలు చేసుకుంటూనే నడిపేవి.

ఇందులో వింతగా కనిపించేది ఒకటుంది. వీటిలో ముఖ్యమైనవి చాలావరకు తెలుగునేలకు దూరంగా ఉన్నవాళ్ళు మొదలుపెట్టినవి. నిజానికి మన పత్రికల చరిత్ర తిరగేస్తే ఇది వింతేమీ కాదు. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించింది ఎక్కడనుకున్నారు? బెజవాడలో కాదు, రాజమండ్రిలో కాదు, బొంబాయిలో. ఆయనకు అక్కడ అమృతాంజనం వ్యాపారం ఉండేది. ఇప్పటికీ మీ నాయనమ్మ తలనొప్పికి రాసుకునే ఆ పచ్చని అమృతాంజనమే. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు ఒక భాష పత్రికకు దారి వేసింది. 1914లో పత్రిక మద్రాసుకు మారి దినపత్రిక అయింది. 1924లో అక్కడి నుంచే ఆయన 'భారతి' అనే సాహిత్య మాసపత్రికను మొదలుపెట్టారు. పైన చెప్పిన చందమామ కూడా 1947 జూలైలో మద్రాసులోనే పుట్టింది. ఇంటికి దూరంగా ఉన్నవాడికే ఇంటి మాట మీద బెంగ ఎక్కువ. బదిలీల మీద తిరిగే మీకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పత్రిక మరో పని కూడా చేస్తుంది. ఉన్నవాళ్ళను లేరనకుండా చూస్తుంది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

ఇక అసలు విషయానికి వద్దాం. 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల దగ్గర కంప్యూటర్లు ఉన్నాయి, ఇంటర్నెట్ ఉంది, ఊరి మీద బెంగ కావలసినంత ఉంది. లేనిది ఒక్కటే, తెర మీద తెలుగు అక్షరం. అందుకని తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకునేవారు. మీరు వాట్సాప్‌లో రాసినట్టు ఎలా తోస్తే అలా కాదు, ఒక పద్ధతి ప్రకారం. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. చిన్న 'ఎల్' అయితే ల, పెద్దదైతే ళ. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాళ్ళు తయారుచేసిన పద్ధతి కాబట్టి దానికి ఆ పేరే వచ్చింది, ఆర్‌టీఎస్ అని. అలా రాసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చిపెట్టే ప్రోగ్రామును కూడా వాళ్ళే రాశారు. పిల్లలకు ల, ళ తేడా పట్టుబడటం లేదని మేం ఎప్పుడైనా విసుక్కుంటే మాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఆ తేడా పోగొట్టుకోకూడదని కీబోర్డులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వాడుకున్నవాళ్ళు ఉన్నారు మరి.

అలాంటి వాతావరణంలోంచి 1998లో 'ఈమాట' వచ్చింది. అమెరికాలోని కొందరు తెలుగువాళ్ళు కలిసి పెట్టిన పత్రిక. చాలాకాలం రెండు నెలలకోసారి వచ్చేది. ఇప్పటికీ నడుస్తోంది. పావు శతాబ్దం దాటిందంటే అచ్చు పత్రికల్లో కూడా అది చిన్న వయసు కాదు. దాని తొలి సంచికలు వచ్చేనాటికి మాకు సరిగ్గా గుణింతం కూడా రాదు.

ఇక్కడ కాసేపు ఆగి అక్షరాల లెక్క చూద్దాం. ఇది కంప్యూటర్ పీరియడ్‌లో చెప్పరు, తెలుగు పీరియడ్‌లోనూ చెప్పరు.

కంప్యూటర్‌కు 'క' తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ఎవరో నిర్ణయించాలి. మొదట్లో ఒక్కో ఫాంటు తయారుచేసినవాళ్ళు తమకు తోచిన అంకె ఇచ్చుకున్నారు. దాంతో ఒకరి కంప్యూటర్‌లో చక్కగా ఉన్న కథ, ఆ ఫాంటు లేని మరొకరి దగ్గర పిచ్చి గీతలుగా కనిపించేది. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే లెక్క ఉండాలని యూనికోడ్ వచ్చింది. 1991 నాటి దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 3072 నుంచి 3199 వరకు 128 గదులు మనవి. అన్నీ నిండలేదు, కొన్ని ఖాళీగా ఉన్నాయి. 'అ' గది 3077, 'క' గది 3093. మీ పాఠ్యపుస్తకంలో ఇప్పుడు దాదాపుగా కనపడని బండి ఱకు కూడా సొంత గది ఉంది, 3121. వాడుకలోంచి పోయిన అక్షరానికి కూడా ఇల్లు ఖాళీ చేయించలేదు. క్వార్టర్లు ఖాళీ చేసే మనకు ఇది కాస్త అసూయ పుట్టించే విషయమే.

ఒత్తులకు మాత్రం వేరే గదులు లేవు. 'క్ష' అని రాస్తే కంప్యూటర్ దాచుకునేది మూడు అంకెలు: క 3093, పొల్లు 3149, ష 3127. ఈ మూడూ వరుసగా కనిపిస్తే వాటిని కలిపి 'క్ష'గా గీయాలన్న తెలివి ఫాంటుకు ఉండాలి. ఆ తెలివి లేని యంత్రం మీద అక్షరాలు విడివిడిగా, పొల్లులు వేలాడుతూ కనపడతాయి. ఇంకో తమాషా చూడండి. 'రాజ్‌కుమార్' అని పేరు రాయబోతే మీ ఫోన్ 'రాజ్కుమార్' చేస్తుంది, జ కింద క ఒత్తు పెట్టి. పొల్లు తర్వాత హల్లు వస్తే కలిపేయడమే దానికి తెలుసు. కలపవద్దని చెప్పడానికి మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి. మంచి పత్రికలో ప్రతి 'సాఫ్ట్‌వేర్'లోనూ ఆ కనపడని గుర్తును ఎవరో ఒకరు కూర్చుని పెట్టి ఉంటారు. ఏ వెబ్ పత్రికలో శ్రద్ధ ఉందో, ఎందులో లేదో తేల్చుకోవడానికి మేం మొదట చూసేది అదే.

యూనికోడ్‌లో చోటు దొరికిన వెంటనే పని జరిగిపోలేదు. మామూలు కంప్యూటర్లలో తెలుగు కనపడటం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో, అందులోని 'గౌతమి' ఫాంటుతో మొదలైంది. 2006లో 'లేఖిని' అనే సాధనం వచ్చాక, ఇంగ్లిషు అక్షరాల కీబోర్డు మాత్రమే తెలిసినవాళ్ళు కూడా తెలుగు టైపు చేయగలిగారు. ఆ తర్వాతి కొన్నేళ్ళలో వెబ్ పత్రికలు వానాకాలపు పుట్టగొడుగుల్లా వచ్చాయి. అందులో ఆశ్చర్యం ఏముంది? కాగితం కొనక్కర్లేదు, కలం కూడా చేతికొచ్చింది.

ఇప్పుడు మా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒక పోస్టింగ్‌లో మేం ఇలాంటి పాఠశాల పత్రికకే ప్రాంతీయ భాషల విభాగం చూసేవాళ్ళం. ఏడో తరగతి అమ్మాయి ఒకతి ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడేది గానీ అక్షరం ముక్క రాదు. నాన్న ఉద్యోగం ఆమెను నాలుగు రాష్ట్రాలు తిప్పింది. ఆర్నెల్లు మధ్యాహ్నం బెల్లు తర్వాత మా దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకుంది. వాళ్ళ అమ్మమ్మ ఇంటి వెనక నూతిగట్టు మీద పన్నెండు వరుసల కవిత రాసింది. 'నూతిగట్టు' అన్న మాటే ఆమె కవితలో మాకు నచ్చింది, పుస్తకంలో నేర్చుకున్నది కాదు. మేం దాన్ని శ్రద్ధగా యూనికోడ్‌లో టైపు చేసి పంపాం. ప్రెస్సు వాళ్ళ దగ్గర ఉన్నది పాత పేజీల సాఫ్ట్‌వేర్. ఆ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు, ప్రూఫు మాకు పంపమని మేమూ గట్టిగా అడగలేదు. పత్రిక వచ్చింది. ఆమె పేరు ఇంగ్లిషులో ముత్యంలా ఉంది. దాని కింద పన్నెండు వరుసల డబ్బాలు.

ఆ అమ్మాయి చాలాసేపు పేజీ వంక చూసి, "మేడమ్, ఇది నాకింకా నేర్పలేదు కదా?" అంది. తనకు తెలియని అక్షరాలేమో అనుకుంది. తప్పు మాది అని చెప్పడానికి మాకు గొంతు పెగల్లేదు. మరుసటి సంచిక వచ్చేలోపు వాళ్ళ నాన్నకు బదిలీ అయిపోయింది. కవితను మళ్ళీ కంపోజు చేసి వాళ్ళ అమ్మ ఫోన్‌కు పంపాం. అమ్మమ్మకు చదివి వినిపించిందట. అచ్చులో మాత్రం ఆ పేజీ అలాగే ఉండిపోయింది. ఏదో గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంటుంది. వెబ్ పత్రికలో అయితే తప్పును ఆ రాత్రే దిద్దుకోవచ్చు. అచ్చు పత్రిక మీద మాకు ఎంత మమకారం ఉన్నా ఈ ఒక్క విషయంలో దాన్ని వెనకేసుకు రాలేం.

సరే, దిద్దేదెవరు? స్వతంత్ర పత్రిక అంటే ఎవరు ఏం పంపినా వేసేది అనుకోకండి. 'ఈమాట'లో వచ్చిన రచనను సంపాదకులతో పాటు సమీక్షకులు కూడా చదువుతారు. ఇది విజ్ఞానశాస్త్ర పత్రికల్లో ఉండే పద్ధతి. ఇంకొక పత్రికకు (పేరు ఎందుకులెండి) మేమే ఒక కథ పంపి చూశాం. మూడు వారాలకు జవాబు వచ్చింది. కథ రెండో పేజీలో మొదలవుతోందని, మొదటి పేజీ తీసేయమని, ముగింపులో మీ పాత్ర ఉపన్యాసం ఇస్తోందని రాశారు. రెండు రోజులు ఒళ్ళు మండింది. మూడో రోజు మొదటి పేజీ తీసేసి చదువుకుంటే కథ బాగానే ఉంది. ఉపన్యాసం సంగతి ఇంకా తేలలేదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ళకు అది అంత తేలిగ్గా పోదు. మేం చెప్పదలచినది ఏమిటంటే, ఎవరో ముఖం తెలియని మనిషి, పైసా జీతం లేకుండా, పగలంతా తన ఉద్యోగం చేసుకుని వచ్చి, రాత్రి మా కథను అంత శ్రద్ధగా చదివారు.

ఎవరు ఏం చదవాలని అడుగుతారేమో. తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు అనేవాళ్ళు 'ఈమాట'లోని శబ్దతరంగాలు విభాగంతో మొదలుపెట్టండి. పాత రేడియో నాటకాలు, సంగీత రూపకాలు, రచయితల గొంతులు అక్కడ దాచి ఉంచారు. వంట చేసుకుంటూ అమ్మా వినొచ్చు, హోమ్‌వర్క్ ఎగ్గొడుతూ మీరూ వినొచ్చు. పెద్దపెద్ద నవలలు భాగాలుగా చదవాలనుకునే తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు కిరణ్‌ప్రభ గారు 2007లో కాలిఫోర్నియా నుంచి మొదలుపెట్టిన 'కౌముది' ఉంది. అందులో ప్రతి శీర్షికా పీడీఎఫ్‌గా వస్తుంది. దించుకుని పెట్టుకుంటే రైల్లో సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు, రెండు రోజుల ప్రయాణాలు చేసే మనకు ఇది పెద్ద సౌకర్యం. 'విహంగ' మహిళల పత్రిక. 2011లో పుట్ల హేమలత గారు రాజమండ్రి నుంచి ప్రారంభించారు. అదే దారిలో అమెరికా నుంచి కె. గీత గారి 'నెచ్చెలి' వస్తోంది. అఫ్సర్, కల్పనా రెంటాల గార్ల 'సారంగ'లో కథకులు ఒక్కో ప్రాంతం యాసలో రాస్తారు. కరీంనగర్ మాట, కడప మాట, శ్రీకాకుళం మాట పక్కపక్కనే కనపడతాయి. మొదటిసారి చదివితే సగం అర్థం కాదు. మా క్లాసులో శ్రీకాకుళం అబ్బాయిని, నిజామాబాద్ అమ్మాయిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరి కథ ఒకరికి చదివించాం. ఒకరి తెలుగు చూసి ఒకరు నవ్వడం మొదటి రోజు జరిగింది, రెండో రోజుకు ఆగింది. ఇక పుస్తకాల గురించి మాత్రమే రాసే 'పుస్తకం.నెట్' ఉంది. 2009 నుంచి మామూలు పాఠకులు తాము చదివిన పుస్తకాల గురించి అక్కడ రాస్తున్నారు. పుస్తక సమీక్ష హోమ్‌వర్క్ ఇచ్చినప్పుడు దాన్ని చూసి కాపీ కొట్టవచ్చని కొందరికి తోచవచ్చు. అందులోవి మేం కూడా చదువుతామని మనవి.

అన్నీ బంగారమేనా అంటే కాదు. పేజీల పరిమితి లేదు కాబట్టి కొందరు ఎక్కడ ఆపాలో మరచిపోతారు. ఎడిటింగ్ లేని చోట వరుసకో అచ్చుతప్పు. ఈ నెల ఒక చోట చదివిన కవితే వచ్చే నెల మరో మూడు చోట్ల ఎదురవుతుంది. ఎక్కువ చోట్ల రచయితకు పారితోషికం ఉండదు. పత్రికకే రాబడి లేదు, ఇంకెక్కడి నుంచి ఇస్తారు? మమ్మల్ని నిజంగా కలవరపెట్టేది మాత్రం వేరే ఉంది. అచ్చు పత్రిక ఆగిపోయినా పాత సంచికలు ఎవరి అటకమీదో మిగులుతాయి. వెబ్ పత్రిక నడిపేవాళ్ళు అలసిపోయినా, ఏటేటా కట్టాల్సిన సైటు రుసుము కట్టకపోయినా, పాత సంచికలన్నీ ఒక్క పూటలో మాయం కావచ్చు. ఒకప్పుడు ఎంతో కళగా వచ్చిన 'పొద్దు' కొత్త సంచికలు తేవడం మానేసింది. అలాంటివి ఇంకా ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి ప్రపంచంలోని వెబ్ పేజీలకు నకళ్ళు తీసి దాస్తోంది. తెలుగు పేజీలు కూడా కొన్ని అందులో దొరుకుతాయి, అన్నీ కాదు. అందుకే మేం నచ్చిన కథను పీడీఎఫ్ చేసి పెట్టుకుంటాం. మా పెన్‌డ్రైవ్‌లో ఐదు పోస్టింగుల కథలు ఉన్నాయి. సామాన్ల లారీలో వేయం, చేతిసంచిలో పెట్టుకుంటాం.

ఈ విభాగానికి రాయదలచినవాళ్ళకు ఒక మాట. హిందీ టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో నేర్చుకున్నవాళ్ళు తెలుగు టైపింగ్ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. చాలా భారత భాషలకు ఒకే అమరిక. హిందీ 'క' ఏ కీ మీద ఉందో తెలుగు 'క' అదే కీ మీద ఉంటుంది. మీరు ఏ రాష్ట్రానికి వెళ్ళినా వేళ్ళు అవే చోట్లకు వెళతాయి. చేతిరాత ఫోటో తీసి పంపకండి, కిందటిసారి వచ్చిన వాటిలో రెండింటికి సగం పేజీ నీడలోకి పోయింది. టైపు చేసి పంపండి, తప్పులుంటే ఉండనివ్వండి. 'ళ' దగ్గర తడబడితే మేం చూసుకుంటాం. బండి ఱ వాడదలచినవాళ్ళు నిరభ్యంతరంగా వాడవచ్చు, గది ఉంది. ఈసారి మాత్రం ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చి, మీరు మీ పేజీని మీ కళ్ళతో చదివి సంతకం పెట్టాకే అచ్చుకు వెళుతుంది. చదవడం ఇంకా రానివాళ్ళు మధ్యాహ్నం బెల్లు తర్వాత రండి, గ్రంథాలయం పక్క గదిలోనే ఉంటాం.